క్లస్టర్ నుంచి విడి సర్వర్‌కి వీఎం రెప్లికేషన్: బ్రోకర్ పెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రెండు నోడ్ల హైపర్-వి క్లస్టర్ ఉంది, అంటే వీఎంలని (వర్చువల్ కంప్యూటర్లని) కలిసి నడిపే రెండు సర్వర్లు, ఒక్కోటీ ఒక నోడ్. తిరుపతి ఆఫీసులో ఒక విడి సర్వర్ ఉంది. రెండు చోట్లా విండోస్ సర్వర్ 2019, ఒకే డొమైన్ (ఒకే లాగిన్ వ్యవస్థ), మధ్యలో వీపీఎన్. కాటా వీఎం, బిల్లింగ్ వీఎం తిరుపతికి రెప్లికేట్ అయ్యేలా (మార్పులు ఎప్పటికప్పుడు అక్కడికి కాపీ అయ్యేలా) పెట్టారు, బాగానే నడిచింది, అకౌంట్స్ వీఎం ఇంకా పంపాలి. అప్‌డేట్ల కోసం వీఎంలను రెండో నోడ్ మీదికి మార్చగానే రెప్లికేషన్ క్రిటికల్ అని ఎర్రగా చూపిస్తోంది, తిరిగి మొదటి నోడ్‌కి తెస్తే మళ్లీ నడుస్తోంది. ఇప్పుడు బ్రోకర్ (క్లస్టర్ తరఫున రెప్లికేషన్ చూసుకునే రోల్) తీసేసి కొత్తగా పెట్టాలా, లేదంటే తిరుపతి సర్వర్‌ని కూడా క్లస్టర్ చేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. బ్రోకర్ జోలికి అసలు పోవద్దు బ్రదర్, అది బాగానే ఉంది. ఒక పక్క క్లస్టర్, ఇంకో పక్క విడి సర్వర్ అనేది మైక్రోసాఫ్ట్ మామూలుగా సపోర్ట్ చేసే అమరికే, దానికోసం తిరుపతిలో ఒక్క నోడ్‌తో క్లస్టర్ కట్టాల్సిన పని లేదు. క్లస్టర్ ఉన్న వైపు మాత్రం రెప్లికా బ్రోకర్ రోల్ తప్పనిసరి, విడి సర్వర్ వైపు అది ఉండదు, అంతే తేడా.

చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్రోకర్ పెట్టాం కాబట్టి క్లస్టర్ మొత్తం ఒకే సర్వర్‌లా బయటికి కనిపిస్తుంది, డేటా అంతా బ్రోకర్ పేరు మీదే వెళ్లి వస్తుంది అనుకుంటారు. అలా జరగదు. బ్రోకర్ అంటే మన తిరుపతి బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ లాంటిది, ఏ ప్లాట్‌ఫారానికి పోవాలో చెబుతుంది, బస్సు మాత్రం మనమే పోయి ఎక్కాలి. క్లస్టర్ పంపే వైపు ఉన్నప్పుడు, ఆ సమయానికి వీఎం ఏ నోడ్ మీద నడుస్తోందో ఆ నోడే నేరుగా తిరుపతి సర్వర్‌తో కనెక్షన్ పెట్టుకుని మార్పులు పంపుతుంది. క్లస్టర్ అందుకునే వైపు ఉన్నప్పుడు పంపేవాడు ముందు బ్రోకర్‌ని అడుగుతాడు, ఫలానా నోడ్‌కి పంపు అని బ్రోకర్ చెబుతుంది, ఆ తర్వాత డేటా అంతా ఆ నోడ్ పేరుకే వెళ్తుంది. అంటే పేరు, ఐపీ, ఫైర్‌వాల్, అనుమతి, ఇవన్నీ ప్రతి నోడ్‌కి విడివిడిగా సరిగ్గా ఉండాలి. మీ దగ్గర మొదటి నోడ్‌కి ఉన్నాయి, రెండో నోడ్‌కి లేవు.

ముందు తిరుపతి సర్వర్‌లో చూడండి. హైపర్-వి మేనేజర్‌లో ఆ సర్వర్ సెట్టింగ్స్ తెరిచి రెప్లికేషన్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్తే, ఎవరి నుంచి రెప్లికేషన్ తీసుకోవాలి అన్న చోట రెండు దారులుంటాయి. గుర్తింపు పొందిన ఏ సర్వర్ నుంచైనా తీసుకో అనేది ఒకటి, కింద పట్టికలో రాసిన సర్వర్ల నుంచి మాత్రమే తీసుకో అనేది రెండోది. మీరు రెండోది ఎంచుకుని మొదటి నోడ్ పేరు ఒక్కటే రాసి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే సెటప్ చేసిన రోజు వీఎంలన్నీ అక్కడే ఉండి ఉంటాయి. ఆ పట్టికలో రెండు నోడ్ల పూర్తి డొమైన్ పేర్లూ, వాటితో పాటు బ్రోకర్ పూర్తి పేరూ రాయండి. రేపు మూడో నోడ్ చేరుస్తారనుకుంటే నక్షత్రం గుర్తు పెట్టి డొమైన్ మొత్తానికి అనుమతి ఇవ్వొచ్చు, చిన్న ఆఫీసులో దాంతో పెద్ద ఇబ్బందేమీ రాదు. మీ డొమైన్‌లో బయటివాళ్ల సర్వర్లు కూడా ఉంటే మాత్రం పేర్లు రాయడమే మేలు.

అదే పట్టికలో ట్రస్ట్ గ్రూప్ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఏదో ఒక పేరు కొట్టేసి ముందుకు పోతారు. దాని పని ఏమిటంటే, ఒక వీఎంకి ఈరోజు ఒక సర్వర్ నుంచి మార్పులు వస్తున్నాయి, రేపు ఇంకో సర్వర్ నుంచి వస్తే తీసుకోవాలా వద్దా అని తేల్చడం. రెండు సర్వర్లూ ఒకే ట్రస్ట్ గ్రూప్‌లో ఉంటేనే తీసుకుంటుంది. మీరు ఒక నోడ్‌కి ఒక పేరు, ఇంకో నోడ్‌కి వేరే పేరు ఇచ్చి ఉంటే, రెండో నోడ్ పట్టికలో ఉన్నా సరే, లైవ్ మైగ్రేషన్ (వీఎం ఆగకుండా నోడ్ మారడం) అయిన మరుక్షణం తిరుపతి వద్దంటుంది. ఒక క్లస్టర్ నోడ్లన్నిటికీ అక్షరం తేడా లేకుండా ఒకటే పేరు ఇవ్వండి. అలాగే ప్రతి వరుసకీ వీఎంలు ఎక్కడ నిల్వ చేయాలో అడుగుతుంది, అన్నిటికీ అదే ఫోల్డర్ చూపించండి, సి డ్రైవ్ మాత్రం వద్దు, అది నిండితే సర్వర్ మొత్తం పడుకుంటుంది.

పట్టిక సరిగ్గానే ఉందంటే ఇక నెట్‌వర్క్ చూడాలి. వీపీఎన్ పెట్టే రౌటర్‌లో మొదటి నోడ్ ఐపీ నుంచి మాత్రమే తిరుపతి సర్వర్ 80వ పోర్టుకి దారి ఇచ్చి ఉండొచ్చు. రెండో నోడ్ మీద లాగిన్ అయి, పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో తిరుపతి సర్వర్ పూర్తి పేరూ, 80 పోర్టూ ఇచ్చి చూడండి. పింగ్ వస్తోంది కదా అని వదిలేయకండి, పింగ్ వస్తే పోర్టు తెరిచి ఉన్నట్టు కాదు. తిరుపతి సర్వర్‌లో ఉన్న విండోస్ ఫైర్‌వాల్‌లో హైపర్-వి రెప్లికా హెచ్‌టీటీపీ లిజనర్ అనే రూల్‌ని మీరే ఆన్ చేసి ఉంటారు, లేకపోతే మొదటి నోడ్ నుంచి కూడా వచ్చేది కాదు. కాబట్టి అది సరే.

ఎర్రర్ మెసేజ్ చివర హెక్సాలో ఒక నంబరు ఉంటుంది. దాన్ని క్యాలిక్యులేటర్‌లో దశాంశంలోకి మారిస్తే సగం పని అయిపోతుంది. 12007 వస్తే పేరు ఐపీగా మారడం లేదు, డీఎన్ఎస్ చూడాలి. 12029 వస్తే పేరు దొరికింది కానీ కనెక్షన్ కుదరలేదు, ఫైర్‌వాల్ లేదా వీపీఎన్ చూడాలి. 12002 అంటే టైమవుట్, లైన్ బలహీనంగా ఉంది లేదా మధ్యలో ఎవరో ప్యాకెట్లు మింగేస్తున్నారు. 12175 వస్తే సర్టిఫికెట్ గొడవ, మీకు అది రాదు, ఎందుకంటే మీరు కెర్బెరోస్ (డొమైన్ ద్వారా సర్వర్లని గుర్తించే పద్ధతి) వాడుతున్నారు. ఇవేవీ కాకుండా అనుమతి లేదు అన్న ధోరణిలో మెసేజ్ ఉంటే తిరిగి పైన చెప్పిన పట్టిక దగ్గరికి వెళ్లండి.

సర్టిఫికెట్లకి మారాలా అని కూడా చివర్లో అడిగారు. ఒకే డొమైన్, పైగా వీపీఎన్ ఉంది కాబట్టి వద్దు. కెర్బెరోస్ పద్ధతిలో డేటా ఎన్‌క్రిప్ట్ కాకుండానే వెళ్తుంది, నిజమే, కానీ వీపీఎన్ ఎలాగూ దాన్ని మూసే పంపుతోంది. తిరుపతి సర్వర్ ఏ డొమైన్‌లోనూ లేకుండా వర్క్‌గ్రూప్‌లో ఉన్నా, నమ్మకం లేని వేరే డొమైన్‌లో ఉన్నా అప్పుడు సర్టిఫికెట్ తప్ప దారి లేదు, పోర్టు 443 అవుతుంది. అప్పుడు కూడా ప్రతి నోడ్‌కి సర్టిఫికెట్ కావాలి, బ్రోకర్ పేరుకీ కావాలి, సర్వర్‌గానూ క్లయింట్‌గానూ గుర్తించే రెండు అనుమతులూ అందులో ఉండాలి, గడువు అయిపోయే తేదీ ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి. ఇద్దరే ఉన్న ఐటీ టీమ్‌కి అది అనవసరమైన టెన్షన్.

మీరు అడగలేదు గానీ, ఇంతకంటే పెద్ద గుంత ముందుంది. చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లే దారి బాగుచేస్తారు సరే, తిరుపతి నుంచి చిత్తూరుకి తిరిగొచ్చే దారి వేశారా? ఒకరోజు నిజంగానే ఫెయిలోవర్ చేసి, అంటే అక్కడున్న కాపీని లేపి, వీఎంలు తిరుపతిలో నడిపారనుకోండి, క్లస్టర్ బాగయ్యాక వాటిని వెనక్కి తేవాలి కదా. దానికి రివర్స్ రెప్లికేషన్ చేయాలి, అప్పుడు తిరుపతి సర్వర్ పంపేదవుతుంది, క్లస్టర్ అందుకునేదవుతుంది. అంటే ఇప్పటివరకు అవసరం పడని పనులన్నీ ఒక్కసారిగా అవసరం పడతాయి. అంతా గందరగోళంగా ఉన్న రోజు వాటిని మొదటిసారి చేయడం ఎవరివల్లా కాదు, ఈ వారమే చేసి పెట్టుకోండి.

ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లో బ్రోకర్ రోల్ మీద కుడి క్లిక్ చేస్తే రెప్లికేషన్ సెట్టింగ్స్ వస్తుంది. క్లస్టర్ నోడ్లకి ఈ సెట్టింగ్స్ ఇక్కడే పెట్టాలి, ఒక్కో నోడ్‌లో హైపర్-వి మేనేజర్ తెరిచి మార్చే వీలుండదు. అక్కడ రెప్లికేషన్ అందుకోవడం ఆన్ చేసి, అనుమతి పట్టికలో తిరుపతి సర్వర్ పేరు రాసి, నిల్వ చోటుగా క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్‌లో (నోడ్లన్నీ వాడే ఉమ్మడి డిస్కులో) ఫోల్డర్ చూపించండి. ఏదో ఒక నోడ్ లోకల్ డ్రైవ్ చూపించకూడదు. ఇవి ఒక్కసారి పెడితే నోడ్లన్నిటికీ వర్తిస్తాయి. కానీ విండోస్ ఫైర్‌వాల్ రూల్ వర్తించదు! దాన్ని రెండు నోడ్లలోనూ విడివిడిగా ఆన్ చేయాలి. తిరుపతి నుంచి వచ్చే దారిలో వీపీఎన్ రౌటర్ కూడా బ్రోకర్ ఐపీకి, రెండు నోడ్ల ఐపీలకి, మొత్తం మూడిటికీ 80 పోర్టు తెరవాలి. తిరుపతి సర్వర్ మీద కూర్చుని ఆ మూడు పేర్లూ టెస్ట్ చేయండి.

బ్రోకర్ కొత్తగా పెట్టేవాళ్ల కోసం ఒక మాట. బ్రోకర్ రోల్ ఆన్‌లైన్‌కి రాకుండా 1194 ఈవెంట్ ఇస్తుంటే, క్లస్టర్ పేరు మీద ఉన్న కంప్యూటర్ అకౌంట్‌కి యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్‌లోని అకౌంట్ల జాబితాలో) కొత్త కంప్యూటర్ ఆబ్జెక్టు సృష్టించే హక్కు లేదని అర్థం. క్లస్టర్ ఉన్న ఓయూ (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) మీద ఆ హక్కు ఇస్తే చాలు. రివర్స్ చేసేటప్పుడు అడిగే సర్వర్ పేరు గడిలో బ్రోకర్ పేరే ఇవ్వాలి, క్లస్టర్ పేరు కాదు, నోడ్ పేరు కాదు. ఈ మూడు పేర్లూ ఒకేలా పెట్టుకుని వెనకాల ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించే అలవాటు చాలా చోట్ల చూశాను, దయచేసి బ్రోకర్‌కి బ్రోకర్ అని తెలిసే పేరు పెట్టండి.

డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్ లాగిన్లు చూసుకునే సర్వర్, ఎక్కడుంది? మీరు రాసినదాన్ని బట్టి అది కూడా చిత్తూరు క్లస్టర్‌లోనే వీఎంగా ఉన్నట్టుంది. కెర్బెరోస్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. చిత్తూరు సర్వర్ రూమ్ మొత్తం ఆగిన రోజు తిరుపతిలో లాగిన్లు, డీఎన్ఎస్ అన్నీ తడబడతాయి. దాన్ని రెప్లికేట్ చేయడం కాదు పరిష్కారం, తిరుపతిలో ఇంకో డొమైన్ కంట్రోలర్ పెట్టండి, అది ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. యాక్టివ్ డైరెక్టరీ తన కాపీని తనే చూసుకుంటుంది, దానికి హైపర్-వి సాయం అక్కర్లేదు.

ఇక ఫెయిలోవర్ ఎప్పుడు నొక్కాలి అన్నది. సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టి ఇది మీ మేనేజర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే కాటా చీటీలు పోతాయి, తోతాపురి సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే రైతులకి ఎవరు సమాధానం చెబుతారు? సర్వర్ రూమ్‌లో ఏసీ పోయింది, యూపీఎస్ కాలిపోయింది, స్టోరేజ్ చచ్చిపోయింది, కానీ ఫ్యాక్టరీలో కాటా కంప్యూటర్లు, ఇంటర్నెట్ బాగున్నాయి, అప్పుడు తిరుపతిలో వీఎం లేపడం సరైన పని. కాటా దగ్గర కుర్రాడికి తేడా కూడా తెలియదు. అదే హైవే పక్కన తవ్వుతూ ఎవరో ఫైబర్ తెంపేశారనుకోండి, రెప్లికేషన్ ఎర్రగా మారుతుంది, తిరుపతిలో ఉన్నవాడికి చిత్తూరు మొత్తం పోయినట్టే కనిపిస్తుంది. కానీ చిత్తూరులో సర్వర్లు నిక్షేపంగా నడుస్తున్నాయి, చీటీలు పడుతూనే ఉన్నాయి. ఆ సమయంలో తిరుపతివాడు కంగారుపడి ఫెయిలోవర్ నొక్కితే ఒకే వీఎం రెండు చోట్లా నడుస్తుంది, ఇక్కడ కొన్ని బిల్లులు, అక్కడ కొన్ని బిల్లులు, ఆ రెండిటినీ కలిపే బటన్ హైపర్-విలో లేదు. రివర్స్ చేశామంటే చిత్తూరు వైపు రాసినవి పోతాయి. కాబట్టి నియమం పెట్టుకోండి, ఫ్యాక్టరీలో ఉన్న మనిషికి ఫోన్ చేసి, అక్కడ వీఎం ఆగిపోయిందని అతని నోటితో వినకుండా తిరుపతిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఇంకొకటి. కరెంటు పోయి క్లస్టర్ ఆగి, మీరు తిరుపతిలో ఫెయిలోవర్ చేసి, తర్వాత చిత్తూరులో కరెంటు వస్తే, క్లస్టర్ తన అలవాటు ప్రకారం పాత వీఎంలని మళ్లీ లేపడానికి చూడొచ్చు. నోడ్లకి పవర్ ఇచ్చే ముందు నెట్‌వర్క్ కేబుల్ సంగతి గానీ, లేవగానే ఆ వీఎం రోల్స్ ఆపే సంగతి గానీ ఎవరు చూసుకుంటారో ముందే రాసి పెట్టుకోండి. రివర్స్ రెప్లికేషన్ చేయాలన్నా పాత వీఎం ఆగి ఉండాల్సిందే.

ఐపీల గురించి. చిత్తూరులో 192.168.10 వరుస, తిరుపతిలో 192.168.20 వరుస అన్నారు. ప్రతి వీఎం నెట్‌వర్క్ అడాప్టర్ కింద ఫెయిలోవర్ టీసీపీ/ఐపీ అని ఉంటుంది, తిరుపతిలో లేచినప్పుడు ఏ ఐపీ తీసుకోవాలో అక్కడ ముందే రాయొచ్చు. ఇది వీఎం లోపల ఇంటిగ్రేషన్ సర్వీసెస్ ఉంటేనే, పాత లెగసీ అడాప్టర్ కాకుండా మామూలు అడాప్టర్ అయితేనే పనిచేస్తుంది. అయితే కాటా కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ సర్వర్ ఐపీని నేరుగా కొట్టి ఉంటే ఇదంతా వృథా, ముందు వాటిని సర్వర్ పేరుకి మార్చండి, డీఎన్ఎస్‌లో ఆ పేరుకి టీటీఎల్ (పాత ఐపీని కంప్యూటర్లు గుర్తుంచుకునే సమయం) తగ్గించండి.

వేగం విషయానికొస్తే, విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి మార్పులు ఎంతసేపటికోసారి పంపాలనేదానికి 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అని మూడు ఎంపికలున్నాయి. కాటాకి, బిల్లింగ్‌కి 5 నిమిషాలు చాలు. అకౌంట్స్‌కి 15 చాలు. 30 సెకన్లు పెట్టాలనే ఆశ అందరికీ ఉంటుంది, మీ 50 ఎంబీపీఎస్ లైన్‌కి అది బరువు. పంపలేకపోయిన మార్పులు చిత్తూరులో లాగ్ ఫైల్‌గా పేరుకుంటాయి, అది అసలు డిస్కు సైజులో సగానికి చేరితే రెప్లికేషన్ ఆగిపోయి రీసింక్ అడుగుతుంది, రీసింక్ అంటే రెండు వైపులా డిస్కు మొత్తం చదివి పోల్చి చూడటం, పగటిపూట అది మొదలైతే మీ లైనూ డిస్కులూ రెండూ మూలుగుతాయి. రీసింక్ రాత్రి వేళల్లో మాత్రమే జరిగేలా టైం పెట్టే వీలు ఆ వీఎం రెప్లికేషన్ సెట్టింగ్స్‌లోనే ఉంది. పేజ్‌ఫైల్‌ని (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడే ఫైల్‌ని) వేరే డిస్కు మీద పెట్టి దాన్ని రెప్లికేషన్‌లో చేర్చకపోతే అనవసర ట్రాఫిక్ బాగా తగ్గుతుంది, ఆ డిస్కు తిరుపతి వైపు ఉండదు కాబట్టి టెస్ట్ ఫెయిలోవర్‌లో (కాపీని పరీక్ష కోసం లేపి చూడటంలో) వీఎం ఎలా లేస్తుందో చూసుకోండి.

మొదటి కాపీ గురించి కూడా చెప్పేస్తాను, అకౌంట్స్ వీఎం 500 జీబీ ఇంకా పంపలేదన్నారు. 50 ఎంబీపీఎస్ అంటే కాగితం మీదే 22 గంటలు దాటుతుంది, మిగతా పనులతో పాటు అయితే ఇంకా ఎక్కువ. ఎక్స్‌టర్నల్ మీడియా ద్వారా మొదటి కాపీ అనే ఎంపిక తీసుకుని, యూఎస్‌బీ డిస్కులోకి ఎగుమతి చేసి, తిరుపతికి పట్టుకెళ్లి అక్కడ దిగుమతి చేయండి. మధ్యలో దూరం 70 కిలోమీటర్లే, పాకాల మీదుగా పోయే ఏ బస్సైనా మీ లైన్ కంటే వేగం. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) పెట్టండి, కంపెనీ లెక్కలన్నీ బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారు మరి. దిగుమతిని వాయిదా వేయకండి, ఆలస్యమయ్యే కొద్దీ ఇటు మార్పులు పెరుగుతూ ఉంటాయి.

రికవరీ పాయింట్లు (వీఎంని వెనక్కి తీసుకెళ్లగల పాత స్థితులు) గంటకొకటి చొప్పున 24 దాకా ఉంచుకోవచ్చు. అన్నీ ఉంచితే తిరుపతి సర్వర్ డిస్కుల మీద భారం పెరుగుతుంది, మీది మామూలు సాటా డిస్కుల సర్వర్ కాబట్టి నాలుగైదుతో మొదలుపెట్టండి. రాన్సమ్‌వేర్ వస్తే ఇవి కొంత కాపాడతాయి గానీ, వాటిని బ్యాకప్ అనుకోవద్దు. చిత్తూరులో చెడిపోయింది 5 నిమిషాల్లో తిరుపతిలోనూ చెడిపోతుంది. బ్యాకప్ విడిగా, ఆఫ్‌లైన్‌లో ఉండాల్సిందే.

అప్‌గ్రేడ్ ఆలోచన ఉంటే తిరుపతి సర్వర్‌ని ముందు చేయండి. 2019లో వీఎం కాన్ఫిగరేషన్ వెర్షన్ 9.0, 2022లో 10.0. క్లస్టర్‌ని 2022కి మార్చి ఉత్సాహంగా వీఎం వెర్షన్ కూడా పెంచేస్తే, 2019లో ఉన్న తిరుపతి దాన్ని తీసుకోదు, పెంచిన వెర్షన్‌ని తగ్గించడం కుదరదు.

ఇప్పుడు చేయాల్సిన వరుస: ట్రస్ట్ గ్రూప్, అనుమతి పట్టిక సరిచేసి, రెండో నోడ్ నుంచి పోర్టు టెస్ట్ చేసి, ముందు ఒక్క కాటా వీఎంని రెండో నోడ్‌కి మార్చి రెండు మూడు విడతలు వెళ్లేదాకా చూడండి. అది నిలబడితే తిరుపతిలో టెస్ట్ ఫెయిలోవర్ చేయండి. దానికి ముందు అక్కడ బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ప్రైవేట్ స్విచ్ ఒకటి తయారుచేసి ఆ వీఎం టెస్ట్ కోసం దాన్నే చూపించాలి, లేకపోతే అదే పేరుతో ఇంకో సర్వర్ డొమైన్‌లో లేచినట్టవుతుంది. టెస్ట్ జరుగుతుండగా అసలు రెప్లికేషన్ ఆగదు. సీజన్ అయిపోయాక, ఆగస్టు దాటాక ఒక ఆదివారం చూసుకుని ప్లాన్డ్ ఫెయిలోవర్ (చిత్తూరు వీఎంని ముందే ఆపి చేసేది) చేసి, తిరుపతిలో ఒక పూట నడిపి, వెనక్కి తెచ్చి చూడండి. జూన్, జూలైలో మాత్రం ఆ ప్రయోగం వద్దు.

పట్టిక, ట్రస్ట్ గ్రూప్, పోర్టు మూడూ సరిగ్గా ఉన్నా రెండో నోడ్ నుంచి ఇంకా వెళ్లకపోతే, ఆ నోడ్‌లోనూ తిరుపతి సర్వర్‌లోనూ ఈవెంట్ వ్యూయర్‌లో హైపర్-వి వీఎంఎంఎస్ అడ్మిన్ లాగ్ తెరిచి, ఒకే నిమిషంలో పడ్డ ఎర్రర్లు రెండు పక్కలవీ ఇక్కడ పెట్టండి. కంపెనీ పేరు, డొమైన్ పేరు చెరిపేసి పెట్టండి.